కూనూరు గది నుండి తార్నాక దాక

సికింద్రాబాదు రైలుస్టేషనులో దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయము వైపు పోవువారికి మెట్టుగూడ దాటిన పిమ్మట తార్నాక తగులును. జాతీయ పోషకాహార సంస్థ అచ్చటనే కలదు. ఆ దారిన నిత్యము రాకపోకలు సాగించువారిలో పెక్కురు దానిని ఒక సర్కారు కార్యాలయముగా మాత్రమే ఎరుగుదురు. కాని అరువది సంవత్సరములకు పైగా ఆ గడప తొక్కుచున్న విద్యార్థులలో మన దేశపు వైద్యులే కాక, ఆసియా, ఆఫ్రికా ఖండములలోని అనేక దేశముల వైద్యులు, ఆరోగ్యశాఖాధికారులు, ఆహారశాస్త్రజ్ఞులు కలరు. ఇంత దూరము వచ్చి వారు నేర్చుకొనిన విద్య యేది? మనుష్యుడు ఏమి తినవలెను, అది లభింపనపుడు వాని దేహమున ఏమి జరుగును అను విద్య. వినుటకు వంటింటి మాటవలె నుండును. కాని దీని చరిత్రలో మన తెలుగు జిల్లాల అన్నపుకుండకు, జొన్నరొట్టెకు గల స్థానము చాల పెద్దది. ఆ కథనే నేడు మేము మనవి చేయదలచితిమి.

ఈ సంస్థ పుట్టినది తార్నాకలో కాదు. 1918వ సంవత్సరమున నీలగిరులలోని కూనూరు పాశ్చురు ఇన్‌స్టిట్యూటునందు ఒకే ఒక గదిలో పుట్టినది. నాటి దాని పేరు బెరిబెరి విచారణ శాఖ. స్థాపించినవారు రాబర్ట్ మెక్‌కారిసన్. ఆయన ఐర్లండు ఉత్తరభాగమున జన్మించి, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, హిమాలయముల కావలనున్న గిల్గిట్ ప్రాంతమున ఏండ్ల తరబడి గొంతువాపు వ్యాధిని పరిశోధించిన వైద్యుడు. ఆ కొండలలోని హుంజా ప్రజల దేహదార్ఢ్యమును చూచి, ఆరోగ్యమునకు ఆహారమునకు గల సంబంధమును గూర్చి ఆయన ఆలోచింప మొదలిడెను.

బెరిబెరి యననేమి? కాళ్లు తిమ్మిరెక్కును, నడక తడబడును, ఒక్కొక్కప్పుడు దేహమంతయు ఉబ్బును, గుండె క్రుంగి మనిషి చనిపోవును. పందొమ్మిదవ శతాబ్ది చివరను జావా దీవిలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లని బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి జబ్బే వచ్చుటను, తవుడు పెట్టినచో అది కుదురుటను కనిపెట్టెను. ఆ ఘనతకు 1929లో ఆయనకు నోబెల్ బహుమానమున భాగము దక్కినది. మెక్‌కారిసన్ కూనూరులో పావురములకు పాలిష్ బియ్యము పెట్టి, అట్టి లోపము దేహములోని ఏయే అవయవములను ఎట్లు చెరచునో పరీక్షించెను. 1921లో తన పరిశోధనలను గ్రంథరూపమున వెలువరించెను.

రెండేండ్లు గడవకముందే ఆ గదికి తాళము పడినది. 1923లో ఇంచ్‌కేప్ సంఘము ప్రభుత్వపు ఖర్చులు తగ్గింపవలెనని సిఫారసు చేయగా, తగ్గిన వానిలో ఇదియు ఒకటి. లోకమున ఏ దేశపు ఖజానాకైనను, ఆకలి మీద చేయు పరిశోధన తొలుత తగ్గింపదగిన ఖర్చుగానే తోచును కాబోలు! 1925లో పని మరల మొదలైనది. 1928 నాటికి అది న్యూట్రిషన్ రిసర్చి లాబొరేటరీస్ అను పేర పూర్తి పరిశోధనాలయమైనది. తొలి డైరెక్టరు మెక్‌కారిసనే.

ఆయన చేసిన ప్రయోగములలో లోకప్రసిద్ధమైనది ఎలుకలది. మన దేశమునందలి వేర్వేరు ప్రాంతముల ప్రజలు తిను ఆహారమును వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టించెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల సిక్కుల ఆహారము తిన్న ఎలుకలు ఏపుగా పెరిగినవి. అన్నమే ప్రధానముగా, పాలు కూరలు స్వల్పముగా గల మద్రాసీ ఆహారము తిన్నవి చిక్కి కృశించినవి. నాటి మద్రాసీ యను మాటలో తెలుగువారును చేరియుండిరని మనము మరువరాదు. ఇంతవరకు ఆ సంస్థ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆహారలోపము దేహమును ఏమి చేయును? దానికి సమాధానము పంజరములలో దొరకినది.

1935లో మెక్‌కారిసన్ విరమించిరి. ఆయన స్థానమునకు వచ్చినవారు వాలెస్ ఐక్రాయిడ్. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియారు దాటలేదు. ఆయనయు ఐర్లండులోని డబ్లినులో వైద్యము చదివినవారే. కాని ఆయన వెంట తెచ్చిన అనుభవము వేరు. న్యూఫౌండ్‌లాండు తీరమున చేపలు పట్టి జీవించు బీదవారు చలికాలమంతయు తెల్లని పిండిరొట్టె మీదనే బ్రదుకుచు బెరిబెరి పాలగుటను ఆయన స్వయముగా చూచి వ్రాసియుండెను. పిమ్మట జెనీవాలోని నానాజాతి సమితి ఆరోగ్యశాఖలో పనిచేసి, ప్రజారోగ్యమునకు ఆహారమునకు గల సంబంధముపై బర్నెట్ అను సహచరునితో కలిసి 1935లో ఒక నివేదికను ప్రకటించెను. కావున కూనూరునకు వచ్చినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఎలుకలను గూర్చినది కాదు. ఏ ఊరివారు, ఏ కులవృత్తివారు, ఏ ఆదాయము గలవారు ఏమి తినుచున్నారు? ఎందుకు తినుచున్నారు? ఇది ఆ ప్రశ్న.

ఈ ప్రశ్న ఆయనను తిన్నగా మన ఉత్తర సర్కారులకు తెచ్చినది. మద్రాసు రాజధానిలో బెరిబెరి అన్ని జిల్లాలలోను లేదు. తమిళ జిల్లాలలో అది అరుదు. విశాఖపట్టణము మొదలు దక్షిణముగా వ్యాపించిన తెలుగు తీరమునందు మాత్రము మెండు. ఇరువురును అన్నము తినువారే, ఇరువురును బీదవారే. మరి ఈ భేద మెక్కడిది?

భేదము బియ్యమును తయారుచేయు విధానమునందున్నది. తమిళదేశపు సామాన్యులు తిన్నది ఉప్పుడు బియ్యము. ధాన్యమును నానబెట్టి, ఆవిరిపట్టి, ఎండబెట్టి, ఆ పిమ్మట దంచుదురు లేక మరపట్టింతురు. అట్లు ఉడికించునపుడు పై పొరలలోని విటమిను గింజలోనికి ఇంకును. తరువాత ఎంత మరపట్టినను అందు కొంత నిలిచియుండును. తెలుగు తీరమునందు తిన్నది పచ్చిబియ్యము. రోలు, రోకలి ఉన్నన్నాళ్లు దంపుడు బియ్యమున తవుడు పొర కొంత మిగిలియుండెడిది. ఊరూర మరలు వచ్చిన పిమ్మట బియ్యము మల్లెపూవువలె తెల్లనైనది, ఆ తెలుపే మర్యాదకు గుర్తైనది. ఆపైన ఆ బియ్యమును మూడు నీళ్లు కడిగి, కడుగునీటిని కుడితితొట్టిలో పోసి, గంజి వార్చి, మిగిలినదానిని మనము తింటిమి. మా చిన్ననాటి యిండ్లలోను ఇదియే ఆచారము. మనుష్యునికి దక్కవలసిన విటమినులో అధికభాగము గేదెకు దక్కుచుండెనని ఆనాడు ఎవరు తలచిరి?

ఈ నష్టమును పెద్దలకంటె ఎక్కువగా భరించినవారు పసిపిల్లలు. తల్లి తిను అన్నములో లేనిది తల్లిపాలలోను ఉండదు. పుట్టునపుడు చక్కగానున్న బిడ్డ కొన్ని నెలలకే హఠాత్తుగా ఊపిరాడక పోవుచుండెడిది. ఇంటివారు దిష్టియనియో, గ్రహదోషమనియో అనుకొనెడివారు. ఐక్రాయిడు, ఆయన సహచరుడు కృష్ణన్ ఈ ప్రాంతపు శిశుమరణముల లెక్కలను పరిశీలించి, బెరిబెరి ప్రబలిన తావులలో కొన్ని నెలల వయస్సు బిడ్డల చావులు హెచ్చుగా నుండుటను చూపిరి. 1940లో ఐక్రాయిడు, కృష్ణన్, పాస్‌మోర్, సుందరరాజన్ కలిసి భారతదేశపు బియ్యపు సమస్యను గూర్చి ఒక పెద్ద నివేదిక వెలువరించిరి. ఆ పాస్‌మోరే తదుపరి కాలమున ఎడింబరోలో అధ్యాపకుడై, పోషకాహారశాస్త్రమునకు లోకమంతట వాడుకలోనికి వచ్చిన పాఠ్యగ్రంథమును 1959లో డేవిడ్‌సన్‌తో కలిసి వ్రాసెను.

ఐక్రాయిడ్ చేసిన మరి రెండు పనులు ముఖ్యములు. మొదటిది, 1937లో ప్రకటించిన చిన్న పుస్తకము. హెల్త్ బులెటిన్ 23వ సంఖ్యగా ప్రసిద్ధి. మన దేశపు తిండిగింజలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లలో ఏయే పోషకము ఎంత గలదో పట్టికలు వేసి, తగిన భోజనమును ఎట్లు కూర్చుకొనవలెనో అందు వివరించిరి. అంతవరకు మన తోటకూరలో ఏమున్నదో తెలియుటకు విదేశపు పట్టికలు చూడవలసి యుండెను. రెండవది, శిక్షణము. జిల్లాలలో పనిచేయు వైద్యులను, ఆరోగ్యాధికారులను కూనూరునకు పిలిపించి, ఇంటింటికి పోయి తూచి లెక్కవేయు విధానమును, లోపచిహ్నములను గుర్తించు విధానమును నేర్పింప మొదలిడిరి. పరిశోధనాలయము ఇట్లు పాఠశాలయు అయినది.

ఇంతలో 1943 నాటి బెంగాలు క్షామము వచ్చినది. 1944లో నియమింపబడిన వుడ్‌హెడ్ విచారణ సంఘమున ఐక్రాయిడ్ ఒక సభ్యుడు. అన్నములో ఏమి లేదను ప్రశ్నతో పని మొదలిడినవాడు, అన్నమే లేని లక్షలాది ప్రజల చావులను లెక్కింపవలసి వచ్చినది. 1945లో ఐక్యరాజ్య సమితి పక్షమున ఆహార వ్యవసాయ సంస్థ ఏర్పడగా, దాని పోషకాహార విభాగమునకు తొలి డైరెక్టరుగా ఆయననే పిలిచిరి. 1960 వరకు ఆయన ఆ పదవి నిర్వహించిరి. 1948లో ఆ సంస్థ బియ్యమును, బియ్యాహారమును గూర్చి ఒక ప్రత్యేక గ్రంథమును ప్రచురించినది. ఉత్తర సర్కారుల బీదయిండ్లలో తూచి నేర్చిన పాఠము, అన్నము తిను ఆసియా దేశములన్నింటికి ఇట్లు చేరినది. కూనూరు నుండి విదేశమునకు మొదట పోయినది ఒక మనిషి. ఆయన వెంట ఒక పద్ధతి.

ఐక్రాయిడ్ అనంతరము డాక్టర్ వి. ఎన్. పట్వర్ధన్ గారు డైరెక్టరైరి. ఆంగ్లేయప్రభుత్వము నాడు పుట్టిన సంస్థ భారతీయుని చేతికి వచ్చినది. పరిపాలించు ఇండియన్ రిసర్చి ఫండ్ అసోసియేషనే 1949లో భారత వైద్యపరిశోధన మండలిగా మారినది. పట్వర్ధన్ గారి కాలమునందలి పెద్ద నిర్ణయము, కొండమీది చల్లని ఊరును విడుచుట. 1958లో సంస్థ హైదరాబాదునకు, విశ్వవిద్యాలయము చెంతనున్న తార్నాకకు తరలివచ్చినది.

ఈ తరలింపును కేవలము సామానుల తరలింపుగా భావింపరాదు. కూనూరులో రసాయనశాల కలదు, కాని పోషకలోపముతో మంచము పట్టిన రోగులు వందలకొలది లేరు. హైదరాబాదులో పెద్ద ఆసుపత్రులు కలవు. పిల్లలకు నిలోఫరు ఆసుపత్రి 1953 నాటికే వెలసియున్నది. చుట్టును తెలంగాణపు మెట్టభూములు. ఆ నేల ఆహారము అన్నము కాదు, జొన్న. కోస్తాజిల్లాల తెల్లబియ్యము అడిగిన ప్రశ్న యొకటి. తెలంగాణపు జొన్న అడిగిన ప్రశ్న మరొకటి.

ఆ రెండవ ప్రశ్నను విన్నవారు డాక్టర్ సి. గోపాలన్ గారు. సేలములో 1918లో, అనగా ఈ సంస్థ పుట్టిన సంవత్సరముననే, జన్మించి, కూనూరు నాటి నుండి ఇందు పనిచేయుచు వచ్చిరి. పట్వర్ధన్ గారు జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థకు పోవగా, 1960ల ఆరంభమున గోపాలన్ గారు డైరెక్టరు పదవికి వచ్చిరి. హైదరాబాదు ఆసుపత్రులకు ఎండకు తగులు చర్మము నల్లబడి పగిలి, విరేచనములు, మతిచాంచల్యము గల రోగులు వచ్చుచుండిరి. అది పెల్లాగ్రా యను వ్యాధి. మొక్కజొన్న తినువారికి అది వచ్చునని అమెరికా, ఐరోపా గ్రంథములు చెప్పినవి. ఈ రోగులు మొక్కజొన్న తినువారు కారు, జొన్నరొట్టె తినువారు. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య గారలు జొన్నలో హెచ్చుగానుండు లూసిన్ అను పదార్థము దీనికి కారణమై యుండవచ్చునని 1960లో లండను లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత శాస్త్రజ్ఞులలో పెక్కు చర్చలు జరిగినవి. అందరును దానిని అంగీకరింపలేదు. ఐనను గ్రంథములందు లేని రోగిని చూచి గ్రంథమునే ప్రశ్నించు అలవాటు తార్నాకలో నాటుకొనినది.

ఇంతకంటె పెద్దవాదము మాంసకృత్తులను గూర్చినది. బీదదేశముల పిల్లలు ఎదుగకపోవుటకు మాంసకృత్తుల కొరతయే మూలమని ఆనాడు ప్రపంచసంస్థలు తలచినవి. 1968లో ఐక్యరాజ్య సమితి సలహాసంఘము ముంచుకొచ్చు మాంసకృత్తుల సంక్షోభమును గూర్చి హెచ్చరిక చేసినది. చేపపిండి, చమురుగింజల పిండి, కృత్రిమ ఆహారములు మొదలగు వానిపై ధనము వెచ్చింపబడినది. హైదరాబాదు లెక్కలు వేరు కథ చెప్పినవి. మన బీదపిల్లలు తిను అన్నము, రొట్టె, పప్పులలో మాంసకృత్తులు తగినంతయే కలవు. కాని ఆ తిండి కడుపునిండ లేదు. కడుపు నిండనపుడు దేహము మాంసకృత్తులనే కట్టెలుగా కాల్చుకొనును. కావున కావలసినది విచిత్రమైన పొడి కాదు, అదే తిండి మరికొంత. గోపాలన్ గారు దీనిని పట్టువిడువక చెప్పిరి. 1973లో వెలువడిన ప్రపంచసంస్థల నిపుణుల నివేదిక మాంసకృత్తుల అవసరపు కొలతలను తగ్గించినది. 1974 నాటికి పాశ్చాత్యదేశముల శాస్త్రజ్ఞులే ఆ పాత సిద్ధాంతమును బాహాటముగా తప్పుపట్ట మొదలిడిరి. హైదరాబాదు మిశ్రమమని పేరుపడిన పిల్లల తిండిలో గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లము తప్ప వేరేమియు లేవు. ఏ పల్లె అంగడిలోనైనను ఆ సరకులు దొరకును.

విదేశవిద్యార్థుల రాక పెరిగినది సరిగా ఈ కాలముననే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో కొన్ని వారముల పోషకాహార శిక్షణతరగతులు ఏటేట జరిగినవి. అనువర్తిత పోషకాహారమున పట్టమునకు చదువును ఏర్పడినది. అచ్చటికి వచ్చిన విదేశవైద్యునికి లండనులోనో, అమెరికాలోనో దొరకని దొకటి ఇచ్చట దొరకినది. తన దేశపు బిడ్డవంటి బిడ్డ, తన దేశపు ఆసుపత్రివంటి కిక్కిరిసిన ఆసుపత్రి, తన ప్రభుత్వపు ఖజానావంటి ఖజానా. చౌకగా, ఉన్న సరకులతో, ఉన్న సిబ్బందితో ఏమి చేయగలమను ప్రశ్నకు ఇచ్చట సమాధానము వెదకుచుండిరి. విటమిన్ ఎ లోపమువలన రేచీకటితో మొదలై చూపు పోగొట్టుకొను పిల్లలకు, ఆరునెలల కొకసారి రెండు లక్షల యూనిట్ల మోతాదును నోట పోయు జాతీయపథకము 1970లో ఆరంభమైనది. దానికి ముందు పరీక్షలు జరిపినవారు ఈ సంస్థవారే. ఒక చెంచా మందు, ఒక ఆరోగ్యకార్యకర్త. ఏ బీదదేశమైనను అనుకరింపగల పద్ధతి ఇది.

1969లో సంస్థకు ఏబదియేండ్లు నిండగా దానికి జాతీయ పోషకాహార సంస్థ యని నామకరణము జరిగినది. ఐక్రాయిడ్ చిన్నపుస్తకము గోపాలన్, బి. వి. రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ గారల చేత పెరిగి 1971లో కొత్తరూపము దాల్చినది. 1972లో జాతీయ పోషకాహార పర్యవేక్షణ మండలి ఏర్పడి, రాష్ట్రములందు ఇంటింటి ఆహారమును 2015 వరకు కొలిచినది. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు, ఫ్లోరైడు నీటివలన మోకాళ్లు లోనికి వంగిపోవు జబ్బును గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. నల్లగొండ పల్లెల బాధ ఇట్లు ప్రపంచవైద్యుల దృష్టికి వచ్చినది. కమలా కృష్ణస్వామి గారు అనంతరకాలమున ఆ సంస్థకే డైరెక్టరైరి.

1974లో గోపాలన్ గారు భారత వైద్యపరిశోధన మండలి అధిపతిగా ఢిల్లీకి వెళ్లగా, శ్రీకంఠయ్య గారు తార్నాక బాధ్యతను వహించిరి. గోపాలన్ గారు నూరేండ్లు నిండియు బ్రతికి, 2019 అక్టోబరులో కన్నుమూసిరి. అప్పటికి సంస్థయు నూరేండ్లు దాటినది. 2017లో భారతీయాహారముల పట్టికలు మరల కొత్తగా విశ్లేషింపబడి వెలువడినవి.

ఈ నూరేండ్ల కథనంతయు ఒకచోట చేర్చి చూచినపుడు మాకు ఒక విషయము తోచును. నాయకుడు మారినపుడెల్ల ఇందు పాతపని చెడలేదు. ప్రశ్న మాత్రము విశాలమైనది. పంజరములోని ఎలుక నుండి పల్లెలోని కుటుంబమునకు, పల్లె నుండి ఆసుపత్రిలోని బిడ్డకు, అచ్చట నుండి దేశపు విధానమునకు అది నడచినది. ప్రతి నాయకుడును వెళ్లునపుడు తన వెనుక శిక్షితులైన మనుష్యులను విడిచి వెళ్లెను. అందువలననే 1923 నాటి తాళము వంటిది మరల పడలేదు.

ఐనను పని ముగియలేదు. బెరిబెరి మన తీరమునందు నేడు ప్రబలవ్యాధి కాదు. కాని తెల్లబియ్యముపై మన మోజు తగ్గలేదు. ఆనాడు కాళ్లు తిమ్మిరెక్కించిన పళ్లెమే, పాటుపని తగ్గిన నేటి యిండ్లలో మధుమేహమునకును, స్థూలకాయమునకును తోడ్పడుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. మరియొకవైపు రక్తహీనతతో బాధపడు స్త్రీలు, ఎదుగుదల లేని పిల్లలు ఇంకను కలరు. ఒకే వీథిలో ఈ రెండును కనిపించును. జొన్నయు, రాగియు, కొఱ్ఱయు బీదవారి తిండియని వెనుకటి తరము విడిచిపెట్టగా, నేడు వానినే ఖరీదు పెట్టి అంగళ్లలో కొనుచున్నాము.

దూరదేశముల వైద్యులు తార్నాకకు వచ్చి నేర్చుకొనిపోవుచున్న విద్య, దాని ప్రక్కవీథిలోని వంటయింటికి ఎంతవరకు చేరినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు శాస్త్రజ్ఞులు మాత్రమే కారు. రేపు ఉదయము బియ్యము కడుగునపుడు ఎన్ని నీళ్లు పోయుచున్నామో, ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదో మనము ఒక్కసారి చూచుకొందము. ఐక్రాయిడ్ మన ఊళ్లకు వచ్చి అడిగిన తొలిప్రశ్నలలో అదియు ఒకటి.